విత్తే ముందు అడగవలసిన ప్రశ్న

విత్తనం సంచీలో ఉన్నంతసేపే కొన్న రైతుది. నేలలో పడిన తరువాత అందులో పొరుగు రైతుకూ, కొనేవానికీ, తినేవానికీ భాగముంటుంది. జన్యుమార్పిడి మొక్కజొన్న విషయంలో అమెరికా నేర్చుకున్న పాఠమిదే.

పురుగును తట్టుకునేందుకు ఒక సూక్ష్మజీవి జన్యువును చేర్చిన ‘స్టార్‌లింక్’ రకాన్ని 1998లో అక్కడి ప్రభుత్వం పశువుల దాణాకూ, పరిశ్రమలకూ మాత్రమే అనుమతించింది. అందులోని మాంసకృత్తు మనుషులకు ఎలర్జీ కలిగిస్తుందేమోనని సందేహం. చుట్టూ 660 అడుగుల మేర పండిన మొక్కజొన్న సైతం దాణాకో, పరిశ్రమలకో మాత్రమే పోవాలని నియమం. కాని పుప్పొడి గాలివాటున పోతుంది. ధాన్యాగారంలో కలిసిన గింజలను వేరు చేయడం ఎవరి తరమూ కాదు. ఆ షరతులు తమకెవరూ చెప్పలేదన్న రైతులూ ఉన్నారు.

2000 సెప్టెంబరులో ఆ మొక్కజొన్న జాడ జనం తినే టాకో రొట్టెలలో బయటపడింది. సరుకును దుకాణాల నుంచి వెనక్కు తెప్పించారు. అక్టోబరులో విత్తన సంస్థ అనుమతినే వదులుకున్నది. ఎలర్జీ వచ్చిందన్నవారి రక్తాన్ని 2001లో పరీక్షిస్తే, స్టార్‌లింకే కారణమనడానికి ఆధారం దొరకలేదు. అయినా దేశపు మొక్కజొన్న సాగులో నూటికి ఒక వంతైనా లేని ఆ పంట మూలంగా తక్కిన రైతుల ధాన్యాన్ని సైతం కొనేవారు శంకించారు.

కనుక ‘ఎంత పండుతుంది?’ అని అడిగే రైతు, ‘ఎవరు కొంటారు?’ అని కూడా విత్తే ముందే అడగాలి. ఆ సమాధానాన్ని విత్తనంతోబాటే, అతనికి అర్థమయ్యే మాటలలో చెప్పడం అమ్మేవాని ధర్మం.