ఎలుకకు తెలివి నేర్పేది మనమే



పోయిన యాసంగిల మా వరిల ఎలుకలు పడ్డయి. జింక్ ఫాస్ఫైడ్ తెచ్చి నూకల్ల కలిపి పెట్టిన. మొదటి రోజు నాలుగు చచ్చినయి. వారం తర్వాత మళ్లీ పెడితే ఒక్కటి ముట్టలే. నకిలీ మందు అంటగట్టిండని దుకాణపాయనతో లొల్లి పెట్టుకున్న. తప్పు నాదే.

ఎలుక కొత్త తిండిని ఒక్కసారే తినదు, కొంచెం కొరికి చూస్తది. చావకుండా కడుపు తిప్పితే చాలు, ఆ రుచి యాది పెట్టుకుంటది. 1955లో అమెరికాలో జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త ఇదే చూపించిండు. తీపి నీళ్లు తాగేటప్పుడు రేడియేషన్ తగిలి జబ్బు పడ్డ ఎలుకలు తర్వాత తీపి నీళ్ల జోలికి పోలేదు. ఆ రుచికి జత కలిసిన వాసన కూడా మనసుల పడిపోతదని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. ఇంక కొరికేదే లేదు, వాసన చూసి పక్కకు పోతది.

ఆ ముక్కే మనకు పనికొస్తది. మంచి తిండి తిని కలుగులకు పోయిన ఎలుక నోటి వాసన చూసి మిగతావి కూడా అదే తిండికి ఎగబడతయి. అందుకే ముందు రెండు రోజులు మందు లేని ఎర పెట్టాలె. మొదట కలుగులన్నీ మూసి, తెల్లారి తెరుచుకున్నవాటిలనే పెట్టండి. తర్వాత 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల మంచినూనె, 20 గ్రాముల మందు కలిపి, కలుగుకు 10 గ్రాముల పొట్లం. నూకలు, నూనె మాత్రం మార్చొద్దు, వాసన మారితే అనుమానపడతయి. మిగిలినవాటికి అదే మందు మళ్లీ పెట్టొద్దు, బ్రోమాడయోలోన్ పెట్టండి. అది కొన్ని రోజులకు పనిచేస్తది కాబట్టి దేని వల్ల జబ్బు చేసిందో ఎలుకకు తెల్వదు.

నేననేది ఒక్కటే. ఒక్కొక్కరం ఒక్కో రోజు పెడితే ఊరి ఎలుకలన్నిటికీ మనమే బడి పెట్టినట్టు. 2008ల ఎయిర్‌పోర్టు మొదలైనంక శంషాబాద్ చుట్టూ పొలాలు ప్లాట్లయినయి. గడ్డి మొలిచిన ఆ ఖాళీ జాగల్ల ఎలుకలు కాపురం పెట్టి, రాత్రి మన పొలం మీద పడుతున్నయి. ప్లాటోళ్లు రారు. మనమే పొట్ట దశకు ముందు, అందరం ఒకే రోజు, ఆ గట్లు కూడా కలుపుకొని పెట్టాలె.

మందు కట్టెతోనే కలపండి, చేతులకు తొడుగులు వేసుకోండి. దీనికి విరుగుడు లేదు. పిల్లలు, కోళ్లు, కుక్కలు అటు పోకుండా చూడండి.

ఈసారి మీ ఊర్ల ఏ రోజు పెడదామో కింద రాయండి.