బ్యాటరీ దొరకలేదని అబద్ధం చెప్పకండి

ఇంట్లో పెద్దాయన బండెక్కకుండా ఆపడానికి చాలా ఇళ్ళల్లో వాడే సులువైన ఉపాయం ఒకటుంది. "పాత బండి కదా, దానికి బ్యాటరీ దొరకట్లేదు" అనేయడం. గొడవ ఉండదు, ఎదురు ప్రశ్న ఉండదు. ఆయన రెండుసార్లు అడుగుతాడు, మూడోసారి అడగడు. బండి మూలన పడుతుంది, దాంతో పాటు ఆయన కూడా అరుగు మీద కూర్చుండిపోతాడు.

ఈ అబద్ధం వద్దంటాను నేను. బ్యాటరీ సంగతి బ్యాటరీగానే తేల్చాలి. పెద్దాయన బండి నడపాలా వద్దా అన్నది విడిగా, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. రెండూ కలిపేస్తే ఏదీ తెగదు.

మా కనగానపల్లి ఇంట్లో ఉన్నది యెజ్డి. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి జావా బండ్లు చేసింది, 1973 నుంచి యెజ్డి పేరు పెట్టింది, 1996లో మూతబడింది. మాది 1980ల నాటి బండి. మా మామ చెనిక్కాయ విత్తనాల మూటలు మోసింది దాని మీదే, అత్తను కాన్పుకు ధర్మవరం తీసుకుపోయింది దాని మీదే. ఇప్పుడు ఆయనకు డెబ్బై రెండేళ్ళు. మొన్న వేసవిలో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినప్పుడు మా మరిది, "వదినా, దొరకలేదని చెప్పేస్తే పాయె. ఇంగ ఎవురూ అడగరు" అన్నాడు. మా పెద్దోడేమో "తాతా, పన్నెండు వోల్టులకు మార్చేద్దాం, ఎల్ఈడీ లైట్లు పెట్టిద్దాం" అని ఉత్సాహం. మా ఆయన ఎప్పటిలాగే పేపర్ చదువుకుంటున్నాడు.

మరిది మాటకు నేను ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళు ఆ బ్యాటరీకి తన చేత్తో నీళ్ళు పోసుకున్న మనిషికి, ధర్మవరంలో ఏ మెకానిక్ దగ్గర ఏం దొరుకుతుందో మనకన్నా బాగా తెలుసు. ఒక్క ఫోన్ చాలు, అబద్ధం బయటపడడానికి. ఆ తర్వాత? "డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు మామా" అని నేను చెప్పినా నమ్మడు. ఇంట్లో మందులు, తిండి, ఆసుపత్రి అన్నీ మన మాట మీదే నడుస్తాయి. ఆ నమ్మకాన్ని బ్యాటరీ కోసం ఖర్చు చేసుకోకూడదు.

ఇంకో సంగతి. బ్యాటరీ లేకపోతే బండి కదలదనుకోవడం కూడా భ్రమే. పాత జావా, యెజ్డి బండ్లలో బ్యాటరీ దిగిపోయినా తాళాన్ని వేరే గుర్తు దగ్గర పెట్టి, బండి తోసి స్టార్ట్ చేసే ఏర్పాటు ఉండేది. పాత చెయ్యి కాబట్టి పెద్దాయనకు అది తెలిసే ఉంటుంది. పట్టుదల వస్తే వీధి పిల్లల చేత తోయించుకుని వెళ్ళిపోతాడు. అప్పుడు హారన్ పలకదు, లైటు సరిగ్గా వెలగదు, బ్రేకు వేస్తే వెనకవాడికి ఎర్ర దీపం కనబడదు. ఆపాలని ఆడిన అబద్ధం ఆయన్ని ఇంకా ప్రమాదంలో పెడుతుంది.

సరే, బ్యాటరీ కొందాం అనుకున్నాక ఏది కొనాలి? ఇది మగవాళ్ళ వ్యవహారమని మనం పక్కకు జరగక్కర్లేదు. ఇంట్లో ఇన్వర్టర్‌కు డిస్టిల్డ్ వాటర్ పోసేది ఎవరు? మనమే కదా. అదే విద్య ఇక్కడా.

ముందు చూడాల్సింది వోల్టులు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఒక్కో గదికి దాదాపు 2 వోల్టులు. మూడు గదులుంటే 6, ఆరుంటే 12. పాత యెజ్డి 6 వోల్టుల బండి. బల్బు, హారన్, కాయిల్ అన్నీ దానికి తగ్గట్టు ఉంటాయి. 12 పెడితే బల్బులు మాడిపోతాయి. దుకాణంలో ఊరికే "యెజ్డి బ్యాటరీ" అని అడగకండి. 2022లో యెజ్డి పేరుతో కొత్త బండ్లు మళ్ళీ వచ్చాయి, వాటికి 12 వోల్టులు. పాత బ్యాటరీని చేత్తో పట్టుకుపోవడం అన్నిటికన్నా మేలు. సైజు, తీగలు తగిలించే కొనలు ఏ పక్కన ఉన్నాయో, అన్నీ అక్కడే సరిచూసుకోవచ్చు. విప్పే ముందు ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఏ కొన బండి బాడీకి కలిపి ఉందో అందులో తెలుస్తుంది. విప్పేటప్పుడు బాడీకి కలిపిన తీగ ముందు తీయాలి, బిగించేటప్పుడు అది చివర్లో పెట్టాలి.

రెండోది సామర్థ్యం, అంటే ఏహెచ్. ఎమర్జెన్సీ లైట్లలో వాడే 6 వోల్టుల, 4.5 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ చవగ్గా దొరుకుతుంది. "ఇది పెట్టేయండమ్మా, సరిపోతాది" అని ఒక దుకాణంలో నాకూ చూపించారు. లెక్క వేసి చూడండి. 35 వాట్ల హెడ్‌లైటు బల్బు 6 వోల్టుల మీద దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది. అంటే ఆ చిన్న బ్యాటరీ కాగితం మీద ముప్పావు గంట, నిజంగా అయితే ఇంకా తక్కువ. పాత బండి డైనమో నెమ్మదిగా పోతున్నప్పుడు సరిగ్గా చార్జి ఇవ్వదు, లైటు భారం బ్యాటరీ మీదే పడుతుంది. సందులో, గతుకుల్లో, చీకట్లో లైటు మసకబారేది అందుకే. చవక బ్యాటరీ పెట్టి పెద్దాయన్ని పంపడం కన్నా పంపకపోవడం మేలు. పాత బ్యాటరీ మీద ఎంత ఏహెచ్ రాసుందో అంతకు తగ్గకూడదు.

మూడోది, నీళ్ళ బ్యాటరీయా, సీల్డా? సీల్డ్‌తో చాకిరీ లేదు, నిజమే. కానీ పాత రెగ్యులేటర్ ఒక్కోసారి చార్జి ఎక్కువ తోసేస్తుంది. నీళ్ళ బ్యాటరీ అయితే తగ్గిన నీళ్ళు పోసుకుంటాం. సీల్డ్‌లో పోసే దారి లేదు, లోపలే ఎండిపోతుంది. అందుకే రెగ్యులేటర్ మార్చని బండికి నా ఓటు నీళ్ళ బ్యాటరీకే. మన అనంతపురం వైపు ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి, నీళ్ళు త్వరగా తగ్గుతాయి. వేసవిలో రెండు వారాలకోసారి చూడాలి. పోసేది డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్ళలో లవణాలు, ఇంట్లో ఫిల్టర్ నీళ్ళలో కూడా కొంత మిగిలే ఉంటాయి. యాసిడ్ మళ్ళీ పోయకూడదు.

నాలుగోది వయసు. 6 వోల్టుల బ్యాటరీలు కొనేవాళ్ళు తగ్గిపోయారు, అందువల్ల దుకాణంలో ఏళ్ళ తరబడి మగ్గినవి ఉంటాయి. తయారీ నెల, సంవత్సరం అడగండి. చెప్పలేకపోతే వేరే దుకాణం చూసుకోండి. కొత్త బ్యాటరీలో యాసిడ్ పోయించాక ఆ ఊపులోనే బండికి బిగించకూడదు. ఏహెచ్‌లో పదో వంతు చొప్పున, అంటే 12 ఏహెచ్‌కు 1.2 ఆంపియర్లతో, నిదానంగా చార్జి పెట్టాలి. ఆ పని వంటింట్లో, గ్యాస్ పొయ్యి దగ్గర మాత్రం చేయనివ్వకండి. చార్జి ఎక్కేటప్పుడు వచ్చే హైడ్రోజన్‌కు నిప్పురవ్వ చాలు. యాసిడ్ చుక్క నూలు చీర మీద పడితే అప్పటికి కనబడదు, ఉతికాక చిల్లులు తేలతాయి. కింద ఒలికితే వంటసోడా చల్లి ఎక్కువ నీళ్ళతో కడగాలి. పాత బ్యాటరీని చెత్తలో వేయకుండా దుకాణానికే ఇచ్చేయాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెప్పేదీ అదే, పైగా ధరలో కొంత తగ్గిస్తారు.

మా పెద్దోడు అడిగిన 12 వోల్టుల మార్పు తప్పేం కాదు. కానీ బల్బులు, హారన్, కాయిల్, చార్జింగ్ ఏర్పాటు అన్నీ మార్చాలి, బ్యాటరీ ధరకు ఎన్నో రెట్లు. వారానికి నాలుగుసార్లు పొలం దాకా పోయే బండికి అది అక్కర్లేదు. బండి తనదయ్యాక వాడు మార్చుకోవచ్చు.

ఇక అసలు ప్రశ్న. "పడితే ఎవరు చూసుకుంటారు? మీరేగా?" అని మా ఆడపడుచు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మంచం పట్టిన మనిషికి బట్టలు మార్చేది, గంజి తాగించేది ఇంటి కోడలే. అందుకే ఈ మాట నోరు విప్పి మాట్లాడాలంటున్నాను, బ్యాటరీ వెనక దాక్కోకుండా. చట్టం కూడా మనకు ఒక దారి ఇచ్చింది. యాభై అయిదు దాటిన వాళ్ళకు లైసెన్సు అయిదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి, డాక్టరు సర్టిఫికెట్ కావాలి. పదిహేనేళ్ళు దాటిన బండికి ఆర్సీ కూడా అయిదేళ్ళకోసారి. "వింటేజ్ బండి, రోడ్డెక్కితే పట్టుకుంటారు" అని ఇంకో అబద్ధం అక్కర్లేదు. 2021 నిబంధనల్లో వింటేజ్ అంటే యాభై ఏళ్ళు దాటినవి, మా బండి అందులోకి రాదు.

మేము మామను కూర్చోబెట్టి అడిగాం. ముందు కళ్ళ పరీక్ష, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే తాళం. పగలు మాత్రమే, పొలం దాకా మాత్రమే, హెల్మెట్‌తో. హైదరాబాదు, బెంగళూరు లారీలు తిరిగే హైవే ఎక్కకూడదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చీకటి పడినాక నాకే సరిగ్గా ఆనడంలేదు లేమ్మా" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు, అంతే. రేపు కళ్ళు ఒప్పుకోకపోతే ఆ సంగతి డాక్టరు చెబుతాడు, మామ వింటాడు. చెప్పింది నిజమని ఆయనకు తెలుసు కాబట్టి వింటాడు.

మీ ఇంట్లో కూడా ఏ రాజ్‌దూతో, ఏ బుల్లెట్టో దుప్పటి కప్పుకుని మూలన ఉంటే, అది ఎందుకు ఆగిందో ఒకసారి నిజాయితీగా ఆలోచించండి. బ్యాటరీ వల్లే అయితే కొత్తది తెప్పించండి. మన భయం వల్ల అయితే ఆ భయాన్ని పెద్దాయనతోనే చెప్పండి. దుకాణానికి పోయే రోజు మాత్రం ఆయన్ని వెంటబెట్టుకునే పోండి. ఏ బ్యాటరీ మంచిదో చూసి చెప్పడానికి ఆయనకన్నా తెలిసినవాళ్ళు మన ఇంట్లో లేరు కదా.