తుపాకీ ఆటల్లో జట్టు పోటీలకు దిక్కెవరు?

వరంగల్: హనుమకొండ నయీంనగర్ వసతి గృహాల ముందు సాయంత్రం వేళ నలుగురు కుర్రాళ్ళు సెల్‌ఫోన్లు పట్టుకుని కూర్చుంటే పెద్దలకు చిరాకు కలగడం సహజమే. అయితే వారి నోట వినిపించే ఒక ఫిర్యాదు మాత్రం ఆలోచించదగినది. డబ్బు పోసి కొనుక్కున్న తుపాకీ ఆటలో పదిమందీ కలసి ఆడే భాగాన్ని కంపెనీలు మధ్యలోనే గాలికి వదిలేస్తున్నాయి.

ఈ ఆటల సంగతి తెలియని వారికి రెండు మాటలు. ఒక్కడే కూర్చుని ఆడుకునే కథాభాగం వేరు, మల్టీప్లేయర్ వేరు. రెండోదానిలో వేర్వేరు ఊళ్ళ ఆటగాళ్ళను కంపెనీ సర్వరు కలుపుతుంది. దానిని కనిపెట్టుకుని ఉండాలి, మోసగాళ్ళను ఏరివేయాలి, లోపాలు సరిదిద్దాలి. ఆ పని మానేస్తే సరుకు చేతిలో ఉన్నా ఆట సాగదు. చెరువు తవ్వించి తూమును పట్టించుకోకపోతే ఆయకట్టు ఎండుతుందని కాకతీయుల గడ్డ మీద వేరే చెప్పనక్కరలేదు.

మా మేనల్లుడు ఖర్చు డబ్బులో మిగుల్చుకుని ఒక ఆటలో సీజన్ పాసు కొన్నాడు. కొద్ది వారాలకే జట్టు దొరకడం గగనమైంది. దొరికిన పోటీలో గోడల వెనుక నుంచి గురి తప్పకుండా కాల్చే మోసగాళ్ళే. కంపెనీకి రాస్తే యంత్రపు జవాబు వచ్చింది. ఆ వెంటనే కొత్త తుపాకీ రంగులు కొనమని ప్రకటన కూడా వచ్చింది!

ఇది ఒక్క వరంగల్ కుర్రాళ్ళ గోడు కాదు. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 2007లో విడుదల చేసిన టీమ్ ఫోర్ట్రెస్ 2 ఆటలో, తమంతట తామే కాల్చే బాట్లు సంస్థ సర్వర్లను ఏళ్ళ తరబడి ఆక్రమించాయి. 2022 మే నెలలో ఆటగాళ్ళు గొంతెత్తారు. ఫలితం చాలక 2024 జూన్‌లో మళ్ళీ కదలి, 3 లక్షలకు పైగా సంతకాలు చేశారు. ఆ తర్వాతనే బాట్ల ఏరివేత ముమ్మరమైంది. ఇక కాల్ ఆఫ్ డ్యూటీ: వార్‌జోన్ మొబైల్ 2024 మార్చిలో వచ్చింది. 2025 మేలో, అంటే 14 నెలలకే, దానిని యాప్ స్టోర్ల నుంచి తొలగించారు.

సర్వర్ల నిర్వహణకు ఖర్చవుతుందని, ఆడేవారు తగ్గితే నష్టమని కంపెనీల వాదన. అందులో నిజం లేకపోలేదు. కలకాలం నడపమని ఎవరూ కోరడం లేదు. నడపలేనప్పుడు తాళం చెవి ఆటగాళ్ళకు అప్పగించవచ్చు కదా! టీమ్ ఫోర్ట్రెస్ 2లో ఆటగాళ్ళు సొంత సర్వర్లు నడుపుకొనే వీలుంది కనుకనే బాట్ల బెడద రోజుల్లోనూ ఆట బతికింది. 2025 ఫిబ్రవరిలో వాల్వ్ ఆ ఆట కోడునే ఔత్సాహికులకు విడుదల చేసింది. ఒకరికి సాధ్యమైనది తక్కినవారికి ఎందుకు సాధ్యం కాదు?

'చదువు మాని ఆటలేమిటి?' అని కొందరు అడగవచ్చు. ఆ మందలింపు ఇంట్లో చేయవలసినదే. కాని డబ్బు తీసుకుని సేవలో లోపం చేసిన వ్యాపారికి అది సాకు కారాదు. 2025లో కేంద్రం చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపునిచ్చింది. గుర్తింపు ఇచ్చిన ఆటకు మైదానం ఎంతకాలం ఉంటుందో కూడా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిదే.

మల్టీప్లేయర్‌ను కనీసం ఎన్నేళ్ళు నడుపుతారో అమ్మకపు పేజీలోనే తెలపాలి. మూసివేతకు ఆరు నెలల ముందు నోటీసు ఇచ్చి, వాడని పాయింట్లకు డబ్బు వాపసు చేయాలి. సొంత సర్వర్లకు అనుమతివ్వాలి. ఈ మూడింటినీ నిబంధనల్లో చేర్చేందుకు మన పార్లమెంటు సభ్యులు చొరవ తీసుకోవాలి.

ఈలోగా యువకులు చెల్లింపు రసీదులు భద్రపరచుకోవాలి. డబ్బు కట్టి నష్టపోయినవారు వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ పరిష్కారం దొరకకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. మొత్తం చిన్నదని ఎవరికి వారు ఊరుకున్నంత కాలం కంపెనీలూ ఊరుకుంటాయి.