'మొద్దు' అనేముందు...

ఎవరైనా చదివి వినిపిస్తే పాఠం పొల్లుపోకుండా అప్పజెబుతాడు. నాన్నతో రైతుబజారుకెళ్తే కూరగాయల లెక్క నోటితోనే చేసేస్తాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం 'పలక'ను 'పకల' అంటాడు. ఒత్తులు ఎగిరిపోతాయి, గుణింతాలు తారుమారవుతాయి. రెండు వాక్యాలు చదివేసరికి చెమటలు పడతాయి. మూడో తరగతికి వచ్చేసరికి టీచరు డైరీలో 'శ్రద్ధ లేదు' అని రాయడం, ఇంట్లో వీపు మీద రెండు పడటం మామూలైపోతుంది. ఆఖరికి స్కూలువాళ్లు 'ఓసారి సైకాలజిస్టుకు చూపించండి' అంటారు.

అంతే... ఇంట్లో పిడుగు పడ్డట్టవుతుంది. 'మావాడికేమన్నా పిచ్చా?' అని నానమ్మ కస్సుమంటుంది. నలుగురికీ తెలిస్తే ఎలాగన్నది నాన్న బెంగ. అమ్మ ఏమీ అనదు. వాడు నిద్రపోయాక నోటుబుక్కు తిరగేస్తూ కూర్చుంటుంది.

చాలా ఇళ్లలో ఈ తర్జనభర్జనలోనే ఏడాదో రెండేళ్లో గడిచిపోతాయి. ఈలోగా పాఠాలు ముందుకెళ్లిపోతాయి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి... 'నేను మొద్దుని' అని పిల్లాడు తనకు తానే తీర్పు చెప్పేసుకుంటాడు.

ఎందుకు పుట్టిందంటే...

ఈ పరీక్షలంటే పిల్లల మీద ముద్ర వేయడమేనని చాలామంది భయం. నిజానికి ఇవి మొదలైంది సాయం చేయడానికే. బడిలో వెనకబడిన పిల్లల్లో ఎవరికి ప్రత్యేకంగా బోధించాలో తెలుసుకోవడానికి 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ తొలి తెలివితేటల పరీక్షను తయారుచేశారు. తెలివి పుట్టుకతోనే గీసేసిన గీత కాదనీ, సరైన శిక్షణతో మెరుగవుతుందనీ బినే గట్టిగా నమ్మాడు. ఆ పరీక్షనే వి.వి.కామత్ 1930లలో కన్నడ, మరాఠీ పిల్లలకు తగ్గట్టు మార్చారు. మనదేశంలో బినే-కామత్ పరీక్ష అనేది దాన్నే.

గదిలో ఏం జరుగుతుంది?

ముందు మాట్లాడేది అమ్మానాన్నలతోనే. కాన్పు ఎలా జరిగింది, బిడ్డ పుట్టగానే ఏడ్చిందా, నడక, మాటలు ఎప్పుడొచ్చాయి, ఫిట్స్ ఏమైనా వచ్చాయా... అన్నీ అడుగుతారు. చూపు, వినికిడి పరీక్షలు చేయించమంటారు. బోర్డు మీది అక్షరం కనబడకే వెనకబడ్డ పిల్లలూ ఉంటారు మరి!

ఆ తర్వాత పిల్లల వంతు. చెక్క బిళ్లల్ని వాటి ఆకారాల్లో అమర్చడం, చెప్పిన అంకెల్ని వెనక నుంచి అప్పజెప్పడం, రెండు వస్తువుల మధ్య పోలిక చెప్పడం లాంటివి ఉంటాయి. చాలామంది పిల్లలకు ఇదో ఆటలా ఉంటుంది. చదవడం, రాయడం, లెక్కలు విడిగా చూస్తారు. ఇందుకు బెంగళూరులోని నిమ్‌హాన్స్ రూపొందించిన పరీక్షల్ని ఎక్కువగా వాడతారు. అన్నీ ఒక్కరోజులో పూర్తికాకపోవచ్చు. సూదులుండవు, మందులుండవు.

ఇంట్లో మాట్లాడే భాషలోనే పరీక్ష చేయమని అడగడం ముఖ్యం. ఇంగ్లిషు చదవడంలోనే తడబడుతుంటే అది మీడియం తెచ్చిన తంటా కావచ్చు. తెలుగులోనూ అదే అవస్థ అయితే లోతుగా చూడాల్సిందే.

ఆ అంకె సంగతి

రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్లూ ఐక్యూ మీదే. సగటు 100. అది 70 కన్నా తక్కువున్నంత మాత్రాన బుద్ధిమాంద్యం అనేయరు. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం వంటివి కూడా వయసుకు తగ్గట్టు లేకపోతేనే ఆ మాట అంటారు. ఐక్యూ బాగానే ఉండి, చెప్పిస్తున్నా చదువు మాత్రమే బాగా వెనకబడి ఉంటే డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యం కావచ్చు. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమాలో పిల్లాడి సమస్య అదే. ఇలాంటివి ఎనిమిదేళ్లు నిండేదాకా ఖాయంగా చెప్పరు. అంతకన్నా చిన్నపిల్లలు అక్షరాలు తిప్పి రాయడం మామూలే.

ఎదుగుదల విషయంలో మాత్రం అలా ఆగకూడదు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, రెండేళ్లు దాటినా 'అమ్మా దా' లాంటి రెండు మాటలు కలిపి అనలేకపోయినా వెంటనే చూపించాలి. 'వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయిలే మాటలు' అంటూ సరిపెట్టుకోవద్దు.

ఎక్కడికెళ్లాలి?

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచీ జాతీయ సంస్థ ఉంది. ఒకప్పుడు ఎన్ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. జిల్లాల్లో అయితే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యమూ ఒకటి. ధ్రువపత్రం ఉంటే సీబీఎస్ఈ లాంటి బోర్డులు పరీక్షలో అదనపు సమయం, చెబితే రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు ఇస్తాయి.

ఏ రిపోర్టుకైనా ప్రాణం 'ఏం చేయాలి' అని చెప్పే పేజీలో ఉంటుంది. 'ఎంతొచ్చింది?' అని అడిగి ఊరుకోకుండా, 'రేపటి నుంచి ఇంట్లో ఏం చేయాలి, టీచరుకు ఏం చెప్పాలి, మళ్లీ ఎప్పుడు రావాలి?' అని అడగాలి. ఆ పేజీ లేకపోతే రాసిమ్మనాలి. ఆ కాగితం బీరువాలో దాచేది కాదు, క్లాసు టీచరుతో కూర్చుని చదవాల్సింది.

అన్నిటికన్నా ముందు పిల్లాడికి చెప్పాలి. 'నీకు బాలేదు, డాక్టరు దగ్గరికి పద' అని కాదు. 'చదవడం నీకెక్కడ కష్టమవుతోందో కనిపెట్టే మేడమ్ దగ్గరికి వెళదాం. తప్పు చెప్పినా ఎవరూ ఏమీ అనరు' అనాలి. పరీక్షయ్యాక ఇంకో మాట కూడా చెప్పాలి... 'ఇన్నాళ్లూ నువ్వు బద్ధకిస్తున్నావనుకున్నాం కన్నా, కాదట!'

డైరీ నిండా 'శ్రద్ధ లేదు' అని చూసుకున్న పిల్లాడు ఆ మాట కోసం ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తుంటాడు.