మార్పు పేరున ఎవరిని వెలివేస్తారు?

సోదర రైల్వే, తపాలా ఉద్యోగులారా!

“అందరినీ కలుపుకొనిపోయే, అండగా నిలిచే పని వాతావరణం” — ప్రతి సంస్కరణ వెంటా అధికారుల నోట వినవచ్చే మాట యిది. మాట మంచిదే. దానిని కొలవవలసిన చోటు మాత్రం కాన్ఫరెన్సు హాలు కాదు; ప్రధాన భూభాగానికి వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరాన, అండమాన్ నికోబార్ దీవులలోని బ్రాంచి పోస్టాఫీసు.

రైలు ఎరుగని ఆ దీవులతో మనకేమి పని యని రైల్వే సోదరులు అనవద్దు. 2000 అక్టోబరు 1న టెలికాం శాఖ బి.ఎస్.ఎన్.ఎల్. కంపెనీగా మారిననాడు కూడా భరోసాలకు కొదవ లేదు. 2020 జనవరి 31న ఒక్కరోజే 78 వేల మందికి పైగా “స్వచ్ఛందంగా” విరమించారు! 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డు 7 కంపెనీలుగా చీలింది. తరువాతి వంతు ఎవరిదో ఊహించుకొనవచ్చును.

తపాలాలో 2025లో కొత్త కంప్యూటరు వ్యవస్థ వచ్చింది. ఆ సెప్టెంబరు 1 నుండి రిజిస్టర్డు పోస్టు స్పీడు పోస్టులో కలిసిపోయింది. మార్పును మనము కాదనము. దాని బరువు ఎవరి నెత్తిన పడుతున్నదన్నదే ప్రశ్న. చెన్నై నుండి సముద్రగర్భ కేబులు 2020 ఆగస్టులో పోర్ట్ బ్లెయిరుకు (2024 నుండి శ్రీ విజయపురం), మరి 7 చోట్లకు చేరిన మాట నిజమే. మిగిలిన దీవుల మాటేమిటి? సిగ్నలు అందని రోజున జరగని పనికి సంజాయిషీ నోటీసు మాత్రం గ్రామీణ డాక్ సేవకునికా? అతనికిచ్చేది జీతమని సైతం అనరు, భత్యమంటారు. ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ ఏజెంటుది సివిల్ పదవియేనని 1977లోనే రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పటికీ, పెన్షను గడప అతనికి నేటికీ దూరమే.

2011 జనగణన ప్రకారం ఆ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, తమిళం, నికోబారీ వారూ గణనీయంగా ఉన్నారు. హిందీ, ఇంగ్లీషులలో నాలుగు గంటలు పాఠము చెప్పి “శిక్షణ పూర్తి” అని సంతకము తీసుకొనుట కలుపుకొనిపోవుట కాదు.

ఇక చేదు నిజమొకటి. 2018 మే 22 నుండి 16 రోజులు గ్రామీణ సేవకులు సమ్మె చేసిననాడు, రెగ్యులరు ఉద్యోగులమైన మనలో ఎందరము చందా రాసి చేతులు దులుపుకొన్నాము? “వాళ్ళు డిపార్టుమెంటు వాళ్ళు కారుగా” అన్న మాట మన యూనియను గదులలోనే నేను విన్నాను. యాజమాన్యానికి అంతకు మించిన కానుక లేదు.

కాబట్టి ప్రతి శాఖ వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం చేయాలి: శిక్షణ డ్యూటీ వేళలోనే, తెలిసిన భాషలో జరగాలి, ఆ రోజులకు ప్రత్యామ్నాయ సిబ్బందినివ్వాలి, నెట్‌వర్కు లోపానికి ఉద్యోగిని శిక్షించరాదు, లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ ఎక్కడ, ఎవరితో ఉన్నదో దీవులలోని ప్రతి మహిళా ఉద్యోగికి వ్రాతపూర్వకంగా తెలపాలి. సంప్రదింపుల బల్ల వద్దకు మనతో బాటు ఒక గ్రామీణ డాక్ సేవకుడు, ఒక కాంట్రాక్టు కార్మికురాలు కూడా కూర్చొనాలి. వారికి కుర్చీ వేయుటకు యాజమాన్యం అనుమతి అక్కరలేదు.