ఏరు దాటిన తరువాత

అనువాదకుడికి పెద్ద మాటలతో చిక్కు లేదు. ప్రజాస్వామ్యం, పర్యావరణం, పౌరసత్వం వంటి వాటికి నిఘంటువులు ఏనాడో దారి చూపి పెట్టాయి. చిక్కంతా చిన్న మాటలతోనే. ఇన్నేళ్ళ నా అనువాద వ్యాసంగంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన మాట షేక్స్పియరుది కాదు, మిల్టనుది కాదు. సూరత్ నగరంలో ఒక పేటను ఒరుసుకొని పారే నీటికి అక్కడివారు పెట్టుకున్న పేరు అది.

2021 ఫిబ్రవరిలో ఒక పనిమీద సూరత్ వెళ్ళి, లింబాయత్‌లో కాపురముంటున్న మా మేనమామ ఇంట దిగాను. అవి నగరపాలక సంస్థకు ఎన్నికలు జరుగుతున్న రోజులు. కరోనా కారణంగా కొన్ని నెలలు వాయిదా పడి, 21వ తేదీన పోలింగు పెట్టారు. మామయ్య కరీంనగర్ ప్రాంతం నుంచి ముప్ఫయ్యేళ్ళ క్రితమే వలస వెళ్ళి సాంచాల మీద బ్రతికినవాడు. తెలంగాణ పద్మశాలీలు భివండీకి, షోలాపూరుకు వెళ్ళినట్లే సూరత్‌కూ వేలాదిగా వెళ్ళారు. అక్కడ నగరపాలక సంస్థవారు నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగులో కూడా చదువు చెబుతారని వింటే, అక్కడ మనవారి సంఖ్య ఎంతటిదో పాఠకులు ఊహించుకోవచ్చు.

ఆ సాయంత్రం మామయ్య ఒక కరపత్రం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అల్లుడా, నువ్వు ఇంగిలీషు సదువు సదివినోనివి. గీ కాగితం జర మన తెలుగుల రాసియ్యి. మనోళ్ళకు గుజరాతీ మాట్లాడుడు అస్తది గని సదువుడు రాదు" అన్నాడు.

ఆ వార్డులో నిలబడిన ఒక అభ్యర్థి తరఫున వేసిన కాగితం అది. ఆ అభ్యర్థి ఎవరు, ఏ పార్టీ అన్నది ఇక్కడ ప్రస్తుతం కాదు. ఒక వైపు గుజరాతీ, మరొక వైపు హిందీ. కులం ప్రస్తావన లేదు, ఢిల్లీ ప్రస్తావన లేదు. చెత్తబండి ప్రతిరోజూ రావాలి. రంగుల మిల్లుల నీరు శుద్ధి కాకుండా బయటికి రాకూడదు. పిల్లలకు ఒక తోట కావాలి. వానలు రాకముందే మీఠీ ఖాడీలో పూడిక తీయాలి. అంతే. మొదటి మూడూ పావుగంటలో తెలుగయ్యాయి. నాలుగవ దాని దగ్గర కలం ఆగిపోయింది.

ఖాడీ అంటే సముద్రపు పోటు లోపలికి ఎక్కివచ్చే నీటిపాయ. దానికి కోస్తా తెలుగులో చక్కని మాట ఉంది: ఉప్పుటేరు. కాని ఈ ఖాడీ పేరు మీఠీ, అనగా తియ్యనిది. 'తియ్యని ఉప్పుటేరు' అని వ్రాస్తే చదివినవాడు నవ్వుతాడు. పైగా సముద్రం చూడని కరీంనగర్ మనిషికి ఉప్పుటేరు ఏమి తెలుస్తుంది? మామయ్యను అడిగితే ఆయనకు సందేహమే లేదు.

"మోరీ అని రాయి. అందరికీ తెలుస్తది."

నిజమే, తెలుస్తుంది. నల్లని నీరు, దాని మీద తేలే ప్లాస్టిక్ సంచులు, ముక్కు పుటాలను బద్దలుకొట్టే వాసన. మోరీ కాక మరేమిటి? అయినా నాకు మనసొప్పలేదు. మోరీ అన్న తరువాత ఇక అడగడానికి ఏముంది? మురికిగా ఉండటమే మోరీ ధర్మం. ఆ వీధిలోనే ఉండే ఒక వృద్ధుడు, అచ్చమైన సూరతీ, తన చిన్ననాట అందులో ఈతలు కొట్టామని నాతో చెప్పాడు. ఈత కొట్టిన నీటిని మోరీ అని వ్రాస్తే, దానిని ఆ స్థితికి తెచ్చినవారినందరినీ ఒక్క మాటతో విడిచిపెట్టినట్లు కాదా?

సూరత్ తాపీ నది ఒడ్డున, సముద్రానికి దగ్గరలో, పల్లపు నేల మీద పెరిగిన నగరం. నదితో పాటు ఈ ఖాడీలు కూడా తూర్పు, దక్షిణ భాగాల వాననీటిని మోసుకొని మిండోళా నది వైపు సాగుతాయి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ నీరు దిగదు, వెనక్కు తంతుంది. అదే సమయంలో పైన కుండపోత కురిస్తే లింబాయత్ వంటి పేటలలో ఇండ్లలోకి నీరు వస్తుంది. ప్రకృతి చేసినది అంతవరకే. గట్లను ఆక్రమించి ఇండ్లు కట్టినది, మురుగును, రంగునీటిని అందులోకి వదిలినది, చెత్త పోసి పాయను ఇరుకు చేసినది మనుషులు. సూరతీలు దీనికి 'ఖాడీ పూర్' అని వేరే పేరే పెట్టుకున్నారు. అంటే ఖాడీ వరద. తాపీ వరద వేరు, ఇది వేరు.

తాపీ వరద సంగతి దేశమంతటికీ తెలుసు. 2006 ఆగస్టులో ఎగువనున్న ఉకాయి జలాశయం నుంచి ఒక్కసారిగా నీరు వదలగా నగరంలో అధికభాగం మునిగింది. "నాలుగు రోజులు అటుక మీదనే ఉన్నం" అంటాడు మామయ్య. కాని ఆయన నోట ఎక్కువగా వచ్చేది అంతకు ముందటి మాట, 1994 నాటిది.

ఆ ఏడు వానలు విపరీతంగా కురిశాయి. వరదనీరు నిలిచి, చచ్చిన పశువులు, చెత్త కలిసి కుళ్ళి, సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు పుట్టిందన్న వార్త పొక్కింది. యాభైమందికి పైగా మరణించారు. చనిపోయినవారికంటె భయపడినవారి సంఖ్య కొన్ని వేల రెట్లు. లక్షలాది జనం దొరికిన రైలెక్కి, బస్సెక్కి పారిపోయారు. విదేశాలు మన దేశానికి విమానాలు ఆపివేశాయి. మామయ్య కూడా భార్యాబిడ్డలతో ఊరు చేరాడు. "ఊరు చేరితి గని ఊళ్ళెకు రానియ్యలే. చెరువు కట్ట మీద మూడు రోజులు" అని ఇప్పటికీ నవ్వుతూనే చెబుతాడు. ఆ నవ్వులో నొప్పి లేదని ఎవరనగలరు?

ఆ తరువాత జరిగినది మన పాఠకులు గర్వించదగినది. 1995 మేలో సూరత్ మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు తెలుగువాడు. ఆయన చేసినది మంత్రం కాదు. నగరంలోని ఆరు మండలాలకూ బాధ్యులైన అధికారులను నియమించి, ఖర్చు పెట్టే అధికారం వారికే అప్పగించాడు. ప్రతిదినం ఉదయాన అధికారులందరూ చల్లని గదులు విడిచి వీధులలో తిరగాలన్నాడు, తానూ తిరిగాడు. రాత్రిపూట వీధులు ఊడ్పించాడు. వీధిలో చెత్త వేసినవారికి జరిమానా విధించాడు. దుకాణం పెద్దదైనా చిన్నదైనా రోడ్డు మీదికి వస్తే కూలగొట్టించాడు. బస్తీలకు మంచినీరు, మరుగుదొడ్లు, దీపాలు ఇచ్చాడు. 1996లో ఇన్‌టాక్ సంస్థ దేశంలోని పరిశుభ్రమైన నగరాలలో చండీగఢ్ తరువాత రెండవ స్థానం సూరత్‌కు ఇచ్చింది. రెండేళ్ళ క్రితం ప్లేగు నగరమని ముక్కు మూసుకున్న లోకం ముక్కు మీద వేలు వేసుకుంది.

ఈ కథను మనం సాధారణంగా ఇక్కడే ముగిస్తాం. ఒక గట్టి అధికారి వస్తే చాలు, అన్నీ చక్కబడతాయని చెప్పుకొని తృప్తిపడతాం. కాని అధికారి బదిలీ అవుతాడు, రావుగారూ అయ్యారు. ఆ తరువాత కూడా ఊడ్చే చీపురు ఆగలేదంటే, శుభ్రంగా ఉన్న వీధి ఎలా ఉంటుందో ఒకసారి కళ్ళారా చూసిన జనం మళ్ళీ మళ్ళీ దానిని అడిగారు కాబట్టే. ప్లేగు నేర్పిన భయం, రావుగారు చూపిన మార్గం, పౌరుల పట్టుదల మూడూ కలిస్తేనే 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో సమానంగా సూరత్ ప్రథమ స్థానంలో నిలిచింది.

మరి ప్రథమ స్థానంలో నిలిచిన నగరంలో మీఠీ ఖాడీ ఎందుకు అలాగే ఉంది? ఊడ్చిన వీధి అందరికీ కనబడుతుంది. వెనుక పారే నీరు దాని ఒడ్డున ఉన్నవారికే కనబడుతుంది. ఆ ఒడ్డున ఉన్నవారు తరచుగా ఏ ఒరిస్సా నుంచో, ఖాందేశ్ నుంచో, తెలంగాణ నుంచో వచ్చినవారు. వారి చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, ఓటు.

ఆ ఓటు విలువ ఎంత? రాజ్యాంగం 74వ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. నీటి సరఫరా, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి, పర్యావరణ రక్షణ సహా 18 విషయాలను అది నగరపాలక సభలకు సంబంధించినవిగా పేర్కొన్నది. సూరత్‌లో 30 వార్డులు; వార్డుకు నలుగురు చొప్పున 120 మంది కార్పొరేటర్లు; వారిలో సగం మంది స్త్రీలు. అయితే కార్పొరేటరు సర్వశక్తిమంతుడు కాడు. పని చేయించే అధికారం కమిషనరుది. మిల్లు రసాయనాలను వదిలితే చర్య తీసుకొనవలసినది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. 2022 జనవరి 6న సూరత్ శివార్లలోని సచిన్ పారిశ్రామిక వాడలో ఒక ట్యాంకరు రసాయన వ్యర్థాన్ని కాలువలోకి వదలగా లేచిన విషవాయువుకు ప్రక్క మిల్లులోని కార్మికులు ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. కాలువ ఒకరిది, మిల్లు ఒకరిది, ట్యాంకరు మరొకరిది. చచ్చినవాడు మాత్రం ఏ పాపమూ ఎరుగడు.

అలాగని కార్పొరేటరు చేయగలిగింది స్వల్పమని కాదు. బడ్జెట్టులో ఖాడీ పూడికకు ఎంత, ఏ నెలలో, ఏ వంతెన నుంచి ఏ వంతెన దాకా అని సభలో అడగగలడు. అడిగినదానికి జవాబు వ్రాతమూలంగా పుట్టించగలడు. తలచుకుంటే సంస్థ ఏమి చేయగలదో సూరత్‌లోనే నిదర్శనం ఉంది. నగరపు మురుగునీటిని బమ్రోలీలో శుద్ధిచేసి, 2014 నుంచి రోజుకు 4 కోట్ల లీటర్ల శక్తితో పాండేసరాలోని రంగుల మిల్లులకు అమ్ముతున్నారు. పారబోయవలసిన నీరు ధనమయింది, ఆ మేరకు మిల్లులకు మంచినీటితో పని తప్పింది. ఖాడీకి మాత్రం ఈ తెలివి ఎందుకు పనికిరాదు?

ఈ మాటలన్నీ ఆ రాత్రి మామయ్యతో అన్నాను. ఆయన బీడీ వెలిగించి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అల్లుడా, ఏరు దాటేదాక ఓడ మల్లన్న, ఏరు దాటినంక బోడి మల్లన్న. ఇసొంటి కాగితాలు నేను మస్తు జూసిన" అన్నాడు.

"మరి నన్నెందుకు తెలుగులో వ్రాయమన్నావు మామా?"

"వాడు యాది మరిస్తే సూపెట్టేటందుకు. మనకు సదవ వస్తెనే గద, గిది నువ్వు రాసిందే అని అడిగేది?"

నేను ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకొని, అనువాదమంటే ఒక భాషలోని అందాన్ని మరొక భాషలోకి చేరవేయటమనుకుంటూ ఇంతకాలం గడిపాను. అనువాదం ఒక పత్రం వంటిదనీ, రేపు దానిని చేతబట్టుకొని ఒకడు మరొకడిని నిలదీయవచ్చుననీ నాకు ఎవరూ చెప్పలేదు. మామయ్య చెప్పాడు. ఆ కాగితంలో చివరికి 'వాగు' అని వ్రాశాను. మీఠీ వాగు. కరీంనగర్ మనిషికి వాగంటే ఏమిటో తెలుసు. ఇసుక, చెలిమె, దోసిలితో తాగే నీరు. అది ఎలా ఉండాలో తెలిసినవాడే ఇలా ఎందుకుందని అడుగుతాడు.

ఫలితాలు 23వ తేదీన వచ్చాయి. 120 స్థానాలలో భారతీయ జనతా పార్టీకి 93, ఆమ్ ఆద్మీ పార్టీకి 27 దక్కాయి. కాంగ్రెసుకు ఒక్కటీ రాలేదు. పత్రికలు ఈ అంకెల చుట్టూ చాలా వ్రాశాయి. నాకు మాత్రం మరొక అంకె గుచ్చుకుంది. నగరంలో ఓటు వేసినవారు సగం మంది కూడా లేరు. దేశాన్ని ఎవరు పాలించాలో తేల్చడానికి గంటల తరబడి వాదించే మనం, మన వీధిలో నీరు ఎటు పోవాలో తేల్చే రోజున ఇంట్లో కూర్చుంటున్నాం. ఐదేళ్ళకొకసారి ఏరు దాటేది అభ్యర్థి. ఒడ్డున ఉన్న మామయ్య వంటివారు ఏటేటా, వాన పడినప్పుడల్లా దాటుతూనే ఉంటారు.

ఆ తెలుగు కరపత్రం మామయ్య ఇంట్లో గోడకు, దేవుడి పటాల ప్రక్కన, మేకుకు గుచ్చి ఉంది. మొన్న ఫోను చేసినప్పుడు అడిగాను, ఇంకా ఉందా అని.

"ఉన్నది. రెండుసార్లు పట్కపోయి సూపెట్టిన. పూడిక సగం దీసిన్రు. తక్కిన సగానికి మళ్ళ పోవాలె" అన్నాడు.