వెళ్ళొస్తాను, ఇత్తెకిమాస్

"అన్నాసాన్, తెలుగు నేర్చుకుని ఏం చేస్తావు అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి?"

మొన్నామధ్య ఒక ఆదివారం నిషి-కసాయ్ స్టేషన్ పక్కన కాఫీ షాపులో కూర్చుని ఒక జపాన్ కుర్రాడు నన్నడిగిన ప్రశ్న ఇది. టోక్యోలో ఉండేవాళ్ళకి నిషి-కసాయ్ గురించి చెప్పక్కర్లేదు. వైటూకే రోజుల్లో వచ్చిన మనవాళ్ళు కాపురాలు పెట్టిన పేట. ఇప్పుడక్కడ కందిపప్పు, కరివేపాకు దొరకడం పెద్ద విశేషమేం కాదు. జపాన్ వాడు తెలుగులో పలకరించడం మాత్రం విశేషమే.

ఈ అబ్బాయి నాకు ఒక ఉగాది కార్యక్రమంలో పరిచయం. 2022 అక్టోబరులో ఇక్కడ ఆర్.ఆర్.ఆర్. విడుదలైనప్పుడు హైస్కూల్లో ఉన్నాడట. ఒకసారి చూశాడు, మళ్ళీ చూశాడు, ఆ తర్వాత లెక్క పెట్టడం మానేశాడు. అక్కడితో ఆగకుండా ఆ భాషేమిటో కనుక్కుని, అక్షరాలు నేర్చుకుని, వత్తులు కూడా దిద్దేశాడు. జపనీసులో 'ఒనీసాన్' అంటే అన్నయ్యగారు. సినిమాలో విన్న 'అన్నా'కి మన 'గారు' లాంటి 'సాన్' తగిలించి నన్ను అన్నాసాన్ చేశాడు. నేనూ సరిదిద్దలేదు, వినడానికి బానే ఉంది :)

ఇప్పుడు యూనివర్సిటీలో అర్థశాస్త్రం చదువుతున్నాడు, నాలుగో ఏడు. అంటే ఉద్యోగాల వేటలో ఉన్నాడన్నమాట. దీన్ని వాళ్ళు షూకాత్సు అంటారు. మన క్యాంపస్ ప్లేస్‌మెంట్ల హడావుడి ఓ నెలో రెండు నెలలో ఉంటుంది కదా, వీళ్ళది ఏడాదికి పైమాటే. కాగితం మీద రూల్స్ ప్రకారం మూడో ఏడు మార్చిలో కంపెనీలు తమ గురించి చెప్పుకోవడం మొదలెట్టాలి, నాలుగో ఏడు జూన్‌లో ఇంటర్వ్యూలు, అక్టోబరు 1న ఆఫర్లు. నిజానికి చాలామందికి ఇంటర్న్‌షిప్పుల పేరుతో ముందే తేలిపోతుంది. డిగ్రీ అవగానే ఏప్రిల్ 1న దేశం మొత్తం మీద కొత్తవాళ్ళంతా ఒకేసారి ఉద్యోగాల్లో చేరతారు. ఆ సీజన్‌లో రైలెక్కితే సగం పెట్టె నల్ల సూట్లే కనిపిస్తాయి.

ఈ రైలు తప్పిపోతే? అదే వాళ్ళ భయం. కొత్త గ్రాడ్యుయేట్ అన్న టికెట్ ఒక్కసారే చెల్లుతుందని అక్కడ అందరికీ తెలుసు. వాళ్ళ ఆర్థిక బుడగ పేలాక, సుమారు 1993 నుంచి 2004 దాకా డిగ్రీలు పూర్తిచేసిన వాళ్ళలో చాలామందికి సరైన ఉద్యోగాలు దొరకలేదు. వాళ్ళని ఇప్పటికీ 'ఉద్యోగాల మంచుయుగం' తరం అంటారు. యాభైల్లోకి వచ్చినా ఆ ఒక్క ఏడాది దెబ్బ మోస్తున్నవాళ్ళున్నారు. మనవైపు 2001లో, 2008లో డిగ్రీలు చేతికొచ్చిన వాళ్ళకి ఈ బాధ కొంచెం తెలుసు. కాకపోతే మనం ఓ ఏడాది అమీర్‌పేటలో కోర్సు చేసి ఏదో ఒక దారిన లోపలికి దూరిపోయాం. అక్కడ ఆ పక్క దారులు తక్కువ.

ఇంకో విషయంలో మాత్రం రెండు దేశాలూ ఒక్కటే. అక్కడి కంపెనీలకి మీరేం చదివారన్నది పెద్దగా పట్టదు, తీసుకుని వాళ్ళే నేర్పుకుంటారు. మనకీ అంతేగా? సివిల్, మెకానికల్ చదివి జావా రాసేవాళ్ళు నా టీములోనే ఉన్నారు. ఉద్యోగంలో చేరడాన్ని వాళ్ళు 'షూషోకు' అంటారు. నిజంగా జరిగేది 'షూషా', అంటే కంపెనీలో చేరడం అని వాళ్ళ మీద వాళ్ళే జోకు వేసుకుంటారు. పని ఏమిటో చేరాక తెలుస్తుంది.

చదువు పట్టనప్పుడు ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు? 'గకుచికా' అడుగుతారు. చదువుకునే రోజుల్లో దేని మీద మనసు పెట్టి కష్టపడ్డావు అన్న పొడుగాటి ప్రశ్నకి ఇది పొట్టి పేరు. దాదాపు ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది. కొందరు టెన్నిస్ క్లబ్బు అంటారు, కొందరు హోటల్లో పార్ట్‌టైమ్ అంటారు. మనవాడు తెలుగు అని రాశాడు. మొదటి ఇంటర్వ్యూలోనే ఎదుటి పెద్దమనిషి మర్యాదగా నవ్వి, "బాగుంది, మరి దేనికి పనికొస్తుంది?" అన్నాడట. వీడు ఏదో నసిగి వచ్చేశాడు. వచ్చే వారం ఇంకోటి ఉంది. అందుకని నా దగ్గరికొచ్చాడు.

నేను సీనియర్ని కదా, వెంటనే రెజ్యూమే సలహాలు మొదలుపెట్టా. హైదరాబాదులో ఎన్ని కంపెనీలున్నాయో చెప్పా. తడ దగ్గర శ్రీసిటీ గురించి, 2016లో అక్కడ మొదలైన ఇసుజు ఫ్యాక్టరీ గురించి చెప్పా. 2030 నాటికి ఐటీ మనుషుల కొరత 7 లక్షల 90 వేల దాకా వెళ్ళొచ్చని వాళ్ళ ప్రభుత్వమే 2019లో లెక్క వేసింది, ఆ పని చేయించుకోవడానికి మావైపు రావాల్సిందే, అప్పుడు తెలుగు వచ్చిన జపాన్ మేనేజర్‌కి ఎంత విలువో చూసుకో అన్నా.

అంతా శ్రద్ధగా విని, నోట్సు రాసుకుని, చివర్లో మెల్లిగా అడిగాడు. "అన్నాసాన్, మీరు మీ హైదరాబాదు టీముతో తెలుగులోనే మాట్లాడతారా?"

నిజం చెప్పాలంటే, కాల్ మొదలవక ముందు రెండు నిమిషాలు మాట్లాడతాం. "ఏంటి బాస్, వర్షాలెలా ఉన్నాయి" అని. మేనేజరు వచ్చాడన్న టింగ్ వినపడగానే ఇంగ్లీషులోకి దూకేస్తాం. ఆ మేనేజరుది గుంటూరు అయినా సరే. అదే చెప్పా.

"అయితే అక్కడ పని చేయడానికి నాకు ఇంగ్లీషు చాలు కదా" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. సరే, అసలు నువ్వెందుకు నేర్చుకున్నావో చెప్పు అన్నా. అప్పుడు చెప్పాడు అసలు సంగతి.

మొదట్లో సబ్‌టైటిల్స్ చూస్తూ వినేవాడట. జపాన్ సినిమా హాళ్ళలో సబ్‌టైటిల్ అంటే సెకనుకి నాలుగు అక్షరాలు మించకూడదని ఒక లెక్క ఉంది. అందుకని మాటల్లో సగం ఎగిరిపోతాయి. తెర మీద ఉన్నదానికంటే చెవిలో పడేది ఎక్కువ ఉందని వీడికి అనుమానం వచ్చింది. ఆ మిగతాది ఏమిటో తెలుసుకుందామని కూర్చుంటే, వాక్యాలు తమ భాషలో ఉన్నట్టే ఉన్నాయట. క్రియ చివర. విభక్తి మాట వెనకాల. 'వస్తానని చెప్పాడు'లో మన 'అని' ఎక్కడుందో వాళ్ళ 'తొ' సరిగ్గా అక్కడే ఉంటుంది. 'తిని చూడు' అంటాం కదా, రుచి చూడమని. జపనీసులో 'తబెతె మిరు'. తబెతె అంటే తిని, మిరు అంటే చూడటం. మక్కీకి మక్కీ అదే!

"ఇంకోటి ఉంది అన్నాసాన్. 'వెళ్ళొస్తాను' అన్న మాట విన్న రోజు నేను రాత్రంతా నిద్రపోలేదు" అన్నాడు.

జపాన్‌లో పొద్దున్నే ఇంట్లోంచి బయటికెళ్ళే ప్రతి మనిషీ 'ఇత్తెకిమాస్' అంటాడు. ఇత్తె అంటే వెళ్ళి, కిమాస్ అంటే వస్తాను. ఇంట్లో ఉన్నవాళ్ళు 'ఇత్తెరష్షాయ్' అంటారు. వెళ్ళి రా. మన ఇళ్ళలో 'వెళ్తాను' అంటే పెద్దవాళ్ళు ఊరుకునేవాళ్ళా? "వెళ్తాననకూడదు, వెళ్ళొస్తాననాలి" అని గడప దగ్గర ఎన్నిసార్లు ఆపలేదూ!

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. నేను జపాన్ వచ్చి తొమ్మిదేళ్ళు దాటింది. ఎన్2 పరీక్ష పాసయ్యా. కంపెనీ అలవెన్సు ఇస్తానంది కాబట్టి పాసయ్యా. తొమ్మిదేళ్ళుగా రోజూ ఇత్తెకిమాస్ వింటున్నా. అది మా అమ్మ మాటే అని నాకెప్పుడూ తట్టలేదు. ఎందుకంటే నేను జపనీసు నేర్చుకున్నది ఇంగ్లీషు నోట్సు పెట్టుకుని. క్రియ చివరికి రావడం వింత, కర్త లేకపోయినా వాక్యం నడవడం వింత అని ఆ నోట్సులో ఉంటే, నేనూ వింత అనే బట్టీ పట్టా. మా ఇంట్లో పుట్టినప్పటి నుంచీ అలాగే మాట్లాడుతున్నామని గుర్తు రాలేదు. ఇల్లు పక్కనే ఉంటే ఊరంతా తిరిగి వెనక గుమ్మంలోంచి వచ్చినట్టయింది.

అక్కాచెల్లెళ్ళ భాషలు అని తీర్పు చెప్పడం లేదండీ. ఓనో సుసుము అనే పండితుడు జపనీసుకి తమిళంతో చుట్టరికం ఉందని చాలా రాశారు కానీ భాషాశాస్త్రజ్ఞులు ఎక్కువమంది ఒప్పుకోలేదు. క్రియ చివర్లో వచ్చే భాషల్లో ఇలాంటి పోలికలు మామూలే, కొరియన్‌లో, టర్కిష్‌లో కూడా కనిపిస్తాయి. నా గోల చుట్టరికం గురించి కాదు. నేర్చుకునేవాడికి చేతిలో ఉన్న పనిముట్టు గురించి. నా దగ్గర ఉన్నదాన్ని నేను అసలు బయటికే తీయలేదు.

జపాన్‌ని చూసి నేర్చుకోండి అని ఉపన్యాసం ఇవ్వబోతున్నానని అనుకుంటున్నారేమో. ఆ కుర్రాడే ఒప్పుకోలేదు. వాళ్ళ చదువంతా వాళ్ళ భాషలోనే అని నేను మెచ్చుకుంటే, అదే మాకు గోడ కూడా అయింది అన్నాడు. ఏళ్ళ తరబడి స్కూల్లో ఇంగ్లీషు చదివి, టోయిక్ స్కోరు తెచ్చుకుని, ఒక విదేశీయుడు దారి అడిగితే చెమటలు పట్టే స్నేహితులు బోలెడుమంది ఉన్నారట. "మాకు ఇంగ్లీషు పరీక్ష, మీకు అన్నం. అందుకే మీకొచ్చింది" అన్నాడు. నిజమే.

కానీ ఆ గోడకి రెండో వైపు కూడా చూడాలి. 1774లో సుగితా గెంపకు, మాయెనో ర్యోతకు మొదలైనవాళ్ళు డచ్చి భాషలోని శరీరశాస్త్ర పుస్తకాన్ని అనువదించారు. సరైన నిఘంటువు కూడా లేకుండా. నరానికి 'షింకెయ్' అన్న మాట అందులోనే పుట్టింది, డాక్టర్లు ఇవాళ్టికీ అదే వాడుతున్నారు. తత్వశాస్త్రానికి 'తెత్సుగకు' అన్న మాట నిషి అమానె చేశాడు. చైనావాళ్ళు కూడా దాన్ని తీసుకున్నారు. మన రంగంలోకే రండి. మాత్సుమోతో యుకిహిరో 1995లో రూబీ విడుదల చేసినప్పుడు దాని మీద చర్చంతా జపనీసులోనే. 2000లో ఇంగ్లీషు పుస్తకం వచ్చాకే బయటివాళ్ళకి బాగా తెలిసింది. మనకీ ప్రయత్నాలు లేకపోలేదు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి శాస్త్ర పుస్తకాలు తెలుగులో వేయించారు. పెద్దలు దారి వేశారు, నడిచేవాళ్ళం మనమే తగ్గాం.

ఇంగ్లీషు మానేయమని నేననను. అది లేకపోతే నేను ఈ టోక్యోలో ఉండేవాణ్ణే కాదు. నా మటుకు నాకు అర్థమైంది ఒకటే. ఉద్యోగం కోసం నేర్చుకున్న భాష ఉద్యోగం వరకే వస్తుంది. నా ఇంగ్లీషు స్టేటస్ కాల్ దాకా వస్తుంది, నా జపనీసు అలవెన్సు దాకా వచ్చి ఆగింది. ఏ లాభమూ చూసుకోకుండా నేర్చుకున్న ఆ కుర్రాడి తెలుగు మా ఇంటి గడప దాకా వచ్చింది. ప్రతి దానికీ ముందు 'స్కోప్ ఉందా' అని అడగడం మనకి ఇంటర్‌లో గ్రూపు తీసుకున్నప్పటి నుంచీ అలవాటు. ఆ ప్రశ్నతోనే బతికాం, కాదనను. అయితే సొంత భాషని కూడా అదే తక్కెడలో వేశాం. బరువు తూగలేదు, పక్కన పెట్టేశాం.

ఇక ఆ అబ్బాయి ఇంటర్వ్యూ సంగతి. నా శ్రీసిటీ జవాబు వాడలేదు. "వినేది అర్థం కావడం మొదలయ్యాక ఆపలేకపోయాను. లాభం తెలియని పనిని మూడేళ్ళు రోజూ చేయగలనని నాకు తెలిసింది" అని చెప్పాడట. ఆ కంపెనీ తీసుకోలేదు. ఇంకా తిరుగుతున్నాడు. కథ సుఖాంతం చేద్దామని నాకూ ఉంది కానీ ఈ పోస్టు రాసే సమయానికి అది జరగలేదు.

మా పాపకి ఆరేళ్ళు. బడి ఇంగ్లీషులో, ఆటలు జపనీసులో. తెలుగు అంటే వారానికోసారి వీడియో కాల్‌లో నానమ్మ. రోజూ పొద్దున్న బూట్లు వేసుకుని 'ఇత్తెకిమాస్' అని అరిచి పరుగెత్తుతుంది. మొన్న ఆపి చెప్పా, నానమ్మ ఊళ్ళో దీన్ని వెళ్ళొస్తాను అంటారు, రెండూ ఒకటే అని. ఒక్క క్షణం ఆలోచించి, "మరి నువ్వు ఆఫీసుకెళ్ళేటప్పుడు 'బై' అంటావెందుకు నాన్నా?" అంది.

ఏమంటారు? మీ ఇంట్లో ఏమని బయల్దేరుతున్నారు?

ఉంటాను మరి. కాదు, వెళ్ళొస్తాను.